ఇది రికార్డులో వద్దు

జడ్జి ఆర్విడ్ స్కెర్వెన్ గారి ఎడమ చెవి కొరియాలో పోయింది.
ఫిరంగుల పక్కన పదినెలలు నిలబడ్డ చెవి,
తిరిగొచ్చాక ఏ మాటకీ తలుపు తియ్యలేదు.
అందుకే మా కెల్విక్ కౌంటీ కోర్టులో
సాక్షి బోను కుడివైపుకి జరిగింది.
వడ్రంగి ఐవర్ రెండ్రోజులు మేకులు పీకి, మళ్ళీ కొట్టి,
బిల్లు కౌంటీకి పంపాడు.
సర్కారు వకీలు మాత్రం ఎడమవైపే మిగిలిపోయి
గొంతు చించుకోవడం అలవాటు చేసుకున్నాడు పాపం.

పెట్టాలనుకుంటే పెడచెవి సిద్ధంగానే ఉంది ఆయనకి.
ఇరవై రెండేళ్ళలో
ఒక్కరి మాటనీ అందులో పెట్టగా నేను చూడలేదు.

నేను స్టెనోగ్రాఫర్ని.
అన్న మాట రాయాలి. అనబోయి మింగిన మాట రాయకూడదు.
దగ్గు రాయకూడదు.
కిటికీ అద్దాన్ని మంచు గీరుతున్న చప్పుడు రాయకూడదు.
ఆయన ఆగిన చోట్లకి నా మెషీన్లో మీట లేదు.

లాయరుగా ఉన్నప్పుడు, విత్తనాల కొట్టు పైన అద్దె గది.
సైన్యం ఇచ్చిన చదువు డబ్బుతో కొన్న పుస్తకాలూ
ఫీజు కింద వచ్చిన బంగాళదుంపలూ ఒకే బీరువాలో.
ఆ రోజుల దస్తావేజులు ఇప్పటికీ మట్టి వాసనేస్తాయి.
మొదటి కేసు ఓడిపోయాడు.
బ్యాంకువాళ్ళు ట్రాక్టరు తోలుకుపోతుంటే
రైతు పక్కన రోడ్డు మీద టోపీ తీసి నిలబడ్డాడట,
శవం వెళ్తున్నట్టు.

డెబ్భై ఎనిమిది, ఫిబ్రవరి. డేల్ వోసికా కేసు.
పందొమ్మిదేళ్ళ కుర్రాడు. గోధుమ గిడ్డంగి ఆఫీసు తాళం పగలగొట్టి
రెండొందల నలభై డాలర్లు తీశాడు,
కాపలా ముసలాయన్ని రెంచీతో కొట్టాడు.
చట్టం రెండు నుంచి అయిదేళ్ళ దాకా వెయ్యమంది.
నా కాగితంలో ఒక్క పంక్తే ఉంది:
కోర్టు: మూడు సంవత్సరాలు.
ఆ పంక్తికి ముందు గోడ గడియారం ఎంతసేపు నడిచిందో లేదు.

పద్నాలుగో నెలలో జైలు నుంచి పెట్టె వచ్చింది.
న్యుమోనియా అన్నారు.

ఆ ఏటి నుంచి, మొదటి పెద్ద మంచు పడిన మర్నాడు,
మిసెస్ వోసికా గుమ్మం నుంచి రోడ్డు దాకా
ఎవరో దారి తవ్వి పోయేవారు.
ఊరికి తెలుసు. ఊరు అనలేదు.
ఆమె తలుపు తియ్యలేదు.
అయిదో ఏడు గోడకి ఒక పార ఆనించి ఉంది,
పిడి కొత్తది, చేతికి గుచ్చుకోకుండా నునుపుగా గీసి.

అది చూశాను. తుఫానులో నా కారు మొరాయించి
ఆయన కార్లో ఇంటికి వెళ్తున్నాను.
ఆయన తవ్వి వచ్చి స్టీరింగు ముందు కూర్చుని,
ఇంజన్ వెయ్యకుండా అన్నాడు:

"చివరి ట్రక్కులో పదకొండు మందికి చోటు.
మంచులో పద్నాలుగు మంది దెబ్బలు తగిలినవాళ్ళు.
నాకు ఇరవై ఒక్కేళ్ళు. చెయ్యి చాపి చూపించాను,
నువ్వు, నువ్వు, నువ్వు అని.
మిగిలిన ముగ్గుర్లో ఒకడు నోరు తెరిచాడు.
నన్నెందుకు వదిలేశావంటాడనుకున్నా.
టైమెంత అని అడిగాడు.
చెప్పాను.
అదీ నా మొదటి తీర్పు, లోర్నా. గౌను లేదు, అప్పీలు లేదు."

కాసేపయ్యాక:
"ఇది రికార్డులో వద్దు."

సరే అన్నాను, ఆయన కుడివైపు నుంచి, వినబడేలా.
ఆ సరికే ఉన్ని తొడుగుల్లో నా వేళ్ళు
ఒళ్ళోనే మీటలు నొక్కేశాయి.

ఆయన పోయి ఆర్నెల్లు.
కోర్టు పాత సామాను వేలం వేశారు, ఆ కుర్చీతో సహా.
ఎవరో పళ్ళ డాక్టరు కొన్నాడు.
నేను ఇంటికొచ్చి, కప్పు తీసి, మెషీన్ తుడిచి కొట్టాను:
చోటు పదకొండు. మనుషులు పద్నాలుగు.
సమయం... ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.
అక్కడ ఖాళీ వదిలాను.

ఆ పార ఇప్పుడు ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి.